నెట్ ఇంటికొచ్చింది, ఇంక పిల్లలను పట్నం పంపాలా?

రాజోలు కుర్రాడు

మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. 2020లో కరోనా టైమ్‌లో హైదరాబాద్ నుంచి ఇంటికొచ్చేశాను. అప్పటినుంచి ఇక్కడే కూర్చుని సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్నాను. మా అక్క కూతురు ఈ ఏడాది ఇంటర్ పాసైంది. ఇంట్లో రోజూ ఒకటే గొడవ. అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి, ఏఐని అడిగితే పాఠం తెలుగులో విడమరిచి చెబుతోంది, హాస్టల్ ఖర్చు దండగ అంటారు బావ. పిల్ల నలుగురిలో పడితేనే కదా లోకం తెలిసేది అంటుంది అక్క. నేను బావ వైపే. డిగ్రీ ఇంట్లోంచే చదవొచ్చు, ఉద్యోగం ఇంట్లోంచే చేయొచ్చు. పదేళ్లు పోతే పట్నంతో పనే ఉండదని నా గట్టి నమ్మకం. మీరేమంటారు?

భీమవరం చెరువులు

మీ వైపేనండి. ఆరెకరాల్లో వనామీ రొయ్య వేస్తాను, చదివింది పది. రొయ్యల చెరువుకి అసలు గండం తెల్లవారుజామున. రాత్రంతా నీళ్లలో ఉన్న నాచు కూడా ఆక్సిజన్ లాగేస్తుంది కాబట్టి మూడు, నాలుగు గంటలకల్లా డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అడుగంటుతుంది. రొయ్య పైకి తేలిందంటే ఇంక మన చేతిలో ఏమీ ఉండదు. ఇదివరకు గట్టు మీద షెడ్డులోనే పడుకుని గంటకోసారి టార్చి వేసి చూసేవాళ్లం. ఇప్పుడు నీళ్లలో వేలాడే మీటరు ఫోన్‌కి అలారం కొడుతుంది, మంచం మీద నుంచే నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆన్ చేస్తున్నాను. ఎన్నేళ్ల తర్వాతో పిల్లల పక్కన పడుకుంటున్నానండి.

ఒక మాట మాత్రం దాచకూడదు. నా దగ్గర ఇద్దరు కాపలావాళ్లు ఉండేవారు. మీటరు పెట్టాక ఒక్కరు సరిపోయారు. రెండో అతను పదకొండేళ్లు నా దగ్గర చేసినవాడు, ఇప్పుడు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్. నేను ఇంటికి చేరిన ఏడాదే అతను ఇల్లు విడిచి వెళ్లాడు.

సఖినేటిపల్లి లెక్కల మాస్టారు

రాజోలు తమ్ముడూ, నువ్వు నిన్ను చూసి ఊరంతా అలాగే అవుతుందనుకుంటున్నావు. నువ్వు పట్నంలో చదివి, పట్నంలో ఉద్యోగం సంపాదించి, ఆ ఉద్యోగాన్ని ఇంటికి తెచ్చుకున్నావు. ఇక్కడే చదివి ఇక్కడి నుంచే మొదటి ఉద్యోగం సంపాదించిన పిల్లలు మీ ఊళ్లో ఎందరున్నారో లెక్కపెట్టు.

మా పక్కనే మోరి. 2016 డిసెంబరులో, నెలకు 149 రూపాయల ఫైబర్ నెట్‌కి ప్రారంభోత్సవం జరిగింది ఆ ఊళ్లోనే. ఇంక మన పిల్లలకి తిరుగులేదని అప్పుడు నేనూ సంబరపడ్డాను. మా బడిలో పదో తరగతి పిల్లవాడొకడు ఈ మధ్య త్రికోణమితి హోంవర్క్ తెచ్చాడు. ఒక్క తప్పు లేదు. బోర్డు దగ్గరికి పిలిచి, సైన్ విలువ ఒకటి ఎందుకు దాటదురా అన్నాను. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కర్ణం కన్నా ఎదురు భుజం పొడవు కాలేదు కదా అనే చిన్న మాట వాడికి తట్టలేదు, ఎందుకంటే ఆ లెక్కల్లో ఒక్కటి కూడా వాడు చెయ్యలేదు, ఫోన్ చేసింది. అదే క్లాసులో ఒక ఆడపిల్ల ఉంది. నన్ను రెండోసారి అడగడానికి సిగ్గు. ఆ పిల్ల రాత్రి అదే ఏఐని ఒకే డౌట్ ఐదు రకాలుగా అడిగి, అర్థం చేసుకుని వస్తోంది. ఆ పిల్లని చూసినప్పుడు నీ మాటే నిజమనిపిస్తుంది.

కానీ ఆ ఇంట్లో ఫోన్ ఒక్కటే. నాన్న పొద్దున్నే పనికి పట్టుకుపోతాడు, ఎనిమిదింటికి గానీ రాడు. తిన్నాక ఆయన వీడియోలు చూసుకుంటాడు, కష్టపడి వచ్చినవాడిని తప్పుపట్టలేం. పిల్లకి మిగిలేది తొమ్మిదిన్నర నుంచి, అదీ ఛార్జింగ్ ఉంటే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఈనాటికీ రబీలో కాలువ చివరనున్న శివారు రైతు తన వంతు నీటి కోసం రాత్రిళ్లు కాలువ గట్టున కాపలా కాస్తున్నాడు. నెట్ విషయంలో ఈ పిల్ల కూడా శివారులోనే ఉంది. కాలువ ఊళ్లోకి వచ్చింది గానీ ఆ ఇంటికి పంట బోదె, అంటే పిల్లకాలువ, ఎవరూ తవ్వలేదు.

రాజోలు కుర్రాడు

మాస్టారూ, మీరు శివారు అనగానే 2022 మే గుర్తొచ్చింది. అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమ అంతా నెట్ ఆపేశారు కదా. పది రోజులు దాటినా రాలేదు. అటు ఆఫీసులో నేను చెప్పేది అర్థం చేసుకునేవాళ్లే లేరు. లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని పొద్దున్నే మీ సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కి పక్క జిల్లా నరసాపురం వెళ్లేవాడిని. పంటు నిండా నాలాంటివాళ్లే. వశిష్ఠ గోదావరి మధ్యకి వచ్చేసరికి అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగడం మొదలెట్టేవి. అవతలి గట్టున టీ కొట్టు బల్ల మీద పని చేసి, చీకటి పడేలోపు తిరుగు పంటు. రోజంతా టెన్షన్. ఉద్యోగం ఇంటికి తెచ్చుకున్నానని ఇందాక గొప్పగా రాశాను గానీ, అది ఒక్క తీగ మీద వేలాడుతోందని ఆ రోజుల్లోనే తెలిసింది.

అయినా ఒప్పుకోను మాస్టారూ. పంట బోదె లేదని కాలువే వద్దంటామా? తవ్వుకోవాలి.

నరసాపురం లేసు

నాదీ ఒక మాట అన్నయ్యా. అమ్మ నలభై ఏళ్లుగా లేసు అల్లుతోంది. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లింది తూచి తీసుకునేవాడు, కూలి అతను చెప్పిందే. మన లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనన్న ముద్ర, వచ్చాక నేను ఇన్‌స్టాలో ఫొటోలు పెట్టాను. బెంగళూరు నుంచి ఒకావిడ నేరుగా టేబుల్ కవర్ ఆర్డర్ ఇచ్చారు. ఏజెంటు మూడు నెలల్లో ఇచ్చేది ఆ ఒక్కదానికే వచ్చింది. అమ్మ ఆ రాత్రి రెండుసార్లు లేచి మెసేజ్ చదివించుకుంది. నెల తిరక్కుండా మా ఫొటోతోనే ఎవరో మిషన్ లేసు అమ్ముతూ కనిపించారు.

ఇంకోటి నన్ను బాగా బాధపెడుతోంది. ఇదివరకు మధ్యాహ్నం మా అరుగు మీద ఐదారుగురు కూర్చుని అల్లుకుంటూ కబుర్లు చెప్పుకునేవారు. ఏ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరికి ఎంత కూలి ఇచ్చారో అక్కడే తెలిసేది. కూలి పెంచమని ఏజెంటుని కలిసి అడిగింది కూడా ఆ అరుగు మీదివాళ్లే. ఇప్పుడు ఎవరింట్లో వాళ్లు ఫోన్‌లో సీరియల్ పెట్టుకుని అల్లుతున్నారు. రేటు ఎవరికెంత ఇస్తున్నారో ఒకరికొకరికి తెలియదు.

రాజోలు కుర్రాడు

అందరికీ నమస్కారాలండి. నిన్న రాత్రి మీరు రాసినవన్నీ అక్కకీ బావకీ చదివి వినిపించాను. పిల్ల గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. ఇన్నాళ్లలో దాన్ని ఎవరం అడగలేదు. నీకేం కావాలే అన్నాను.

"మావయ్యా, కెమిస్ట్రీలో టైట్రేషన్ ప్రయోగం ఫోన్‌లో వంద సార్లు చూశాను. రంగు ఎప్పుడు మారుతుందో సెకన్లతో సహా చెప్పగలను. మా కాలేజీలో ఒక్కసారి కూడా ఆ చుక్కలు వదిలే గాజు గొట్టం, బ్యూరెట్, నా చేతికి ఇవ్వలేదు. నాకు ల్యాబ్ ఉన్న కాలేజీ కావాలి" అంది.

బావ ఏమీ మాట్లాడలేదు. పొద్దున్నే లేచి కాకినాడ బస్సు ఎన్నింటికని అడిగారు. సోమవారం ముగ్గురం వెళ్తున్నాం, అప్లికేషన్ పెట్టడానికి. మాస్టారూ, మా ముందు గది ఆదివారాలు ఖాళీయే. వైఫై ఉంది, రెండు పాత లాప్‌టాప్‌లు ఉన్నాయి, పక్కన నేనూ ఉంటాను. మీ ఆడపిల్లని, బోర్డు దగ్గర నిలబడిపోయిన ఆ కుర్రాడిని పంపండి. ఎన్నింటికి రమ్మంటారో మీరే చెప్పండి.