‘ఉద్వాసన’ అనే మాట, కేసీ స్టెంగెల్ చెప్పిన ‘డిశ్చార్జ్‌డ్’

ప్రశ్న: క్రీడావార్తల్లో ‘కోచ్‌కు ఉద్వాసన’ అని తరచూ చూస్తున్నాను. పూజ ముగిశాక దేవుడికి చెప్పే ఉద్వాసన, ఉద్యోగం పోయినవాడికి ఎలా అతుకుతుందండీ? ఇంగ్లిషులో ఫైర్డ్ అనీ డిశ్చార్జ్‌డ్ అనీ అంటారు కదా, వాటికి మనకున్న సరైన మాట ఏది?

జవాబు: మంచి ప్రశ్న వేశారు. ఒక బేస్‌బాల్ మనిషి వాక్యాన్ని తెలుగు చేస్తూ ఈ మాట దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. ఆయన పేరు కేసీ స్టెంగెల్. 1890లో అమెరికాలోని కాన్సస్ సిటీలో పుట్టాడు. ఆ ఊరి పొడి అక్షరాలు ‘కే.సీ.’యే ఆయనకు ముద్దుపేరయ్యాయి. క్రికెట్లో బౌండరీ దగ్గర కాపుకాసే ఫీల్డర్ ఉంటాడే, బేస్‌బాల్లో అలాంటి అవుట్‌ఫీల్డర్. 1912 నుంచి 1925 దాకా బ్రూక్లిన్, పిట్స్‌బర్గ్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ జెయింట్స్, బోస్టన్ జట్లకు, కాళ్ళకు బలపం కట్టుకున్నట్టు తిరుగుతూ ఆడాడు. ఇలాంటి ఆటగాణ్ణి అక్కడివాళ్ళు జర్నీమ్యాన్ అంటారు. ఆ మాటలోని జర్నీ ప్రయాణం కాదు, ఫ్రెంచిలో ‘రోజు’. పని నేర్చి, సొంత కొట్టు పెట్టుకోకుండా, రోజు కూలికి పనిచేసే పనివాడని అసలు అర్థం.

1958 జులై 9న అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు స్టెంగెల్ సాక్ష్యం చెప్పాడు. గుత్తాధిపత్య నిరోధక చట్టం నుంచి బేస్‌బాల్‌కు మినహాయింపు ఉండాలా వద్దా అన్నది విచారణ. సెనేటర్ కెఫావర్ అధ్యక్షుడు. తన గతం చెప్పమంటే ఆయన చెప్పినదాని సారం ఇది: ఆటగాడిగా కలిసిరాని ఏళ్ళు చాలా ఉన్నాయి, తర్వాత చిన్న లీగులకు, అంటే కింది స్థాయి పోటీలకు, మేనేజరుగా (బేస్‌బాల్లో జట్టు ప్రధాన కోచ్‌ను ఇలా అంటారు) వెళ్ళాల్సి వచ్చింది, అక్కణ్ణుంచి పెద్ద లీగులో పలు ఊళ్ళలో మేనేజరునై డిశ్చార్జ్ అయ్యాను, డిశ్చార్జ్ అనే అంటాం, ఎందుకంటే నేను వెళ్ళక తప్పలేదు, అందులో సందేహం లేదు.

ఈ చివరి ముక్కను తెలుగులో ఎలా చెప్పాలి? ‘డిశ్చార్జి అయ్యాను’ అని ఉంచేద్దామంటే, మనకు డిశ్చార్జి అంటే ఆస్పత్రి నుంచి కోలుకుని ఇంటికి రావడం. శుభవార్త అయిపోతుంది. పారసీ నుంచి మనకొచ్చిన ‘బర్తరఫ్’లో తప్పు చేసినవాడికి పడ్డ శిక్ష ధ్వనిస్తుంది. స్టెంగెల్ తప్పేమీ చెయ్యలేదు, జట్లు ఓడిపోయాయంతే. బ్రూక్లిన్‌కు 1934 నుంచి మూడేళ్ళు, బోస్టన్‌కు 1938 నుంచి ఆరేళ్ళు మేనేజరుగా ఉన్నాడు. ఎనిమిది జట్ల లీగులో ఒక్కసారైనా ఐదో స్థానం దాటలేదు. బ్రూక్లిన్ యాజమాన్యం 1937కు ఒప్పుకున్న జీతం ఇచ్చి మరీ ఆయన్ను పక్కన కూర్చోబెట్టింది. ‘వేటు’ పత్రికల శీర్షికకు బాగుంటుంది, కానీ అది వేసేవాడి కత్తిని చూపిస్తుందే గాని వెళ్ళేవాణ్ణి చూపించదు.

ఇక ఉద్వాసన. పూజలో ఆవాహన ఉన్నప్పుడే ఉద్వాసన ఉంటుంది. పిలిచి, పీట వేసి, ఉపచారాలన్నీ చేశాకనే కలశాన్ని కాస్త కదిపి సాగనంపుతాం. అక్కడ చదివే మంత్రం చివర ‘పునరాగమనాయ చ’ అని ఉంది. వెళ్ళిరమ్మని దాని భావం. పత్రికలు ఈ మాటను ఒంటిదారిగా వాడుతున్నాయి. దాని సగం అర్థం అలా జారిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

స్టెంగెల్ జీవితానికి ఆ జారిపోయిన సగమే కావాలి. 1910లో కాన్సస్ సిటీ బ్లూస్ అనే చిన్న లీగు జట్టు ఆయన్ను తీసుకుని, వెంటనే కింది స్థాయి జట్టుకు పంపేసింది. అదే బ్లూస్‌కు 1945లో మేనేజరయ్యాడు. బ్రూక్లిన్ 1918 మొదట్లో ఆయన్ను పిట్స్‌బర్గ్‌కు ఇచ్చేసింది. పదహారేళ్ళకు మేనేజరుగా తిరిగి పిలిచింది. బోస్టన్ కథా అంతే. 1923 వరల్డ్ సిరీస్‌లో, అంటే రెండు పెద్ద లీగుల విజేతల మధ్య జరిగే ఫైనల్లో, జెయింట్స్ తరఫున న్యూయార్క్‌లోని మరో జట్టు యాంకీస్ మీద రెండు మ్యాచ్‌లు తన హోమ్‌రన్‌లతో (క్రికెట్ సిక్సర్ లాంటి దెబ్బలతో) గెలిపించాడు. సిరీస్ మాత్రం యాంకీస్‌దే. ఆ శీతాకాలానికల్లా జెయింట్స్ ఆయన్ను బోస్టన్‌కు పంపేసింది. పాతికేళ్ళు గడిచాక, 1949లో, ఆ యాంకీసే ఆయన చేతికి జట్టునిచ్చింది. పన్నెండు సీజన్లలో పది లీగ్ టైటిళ్ళు, ఏడు వరల్డ్ సిరీస్‌లు, వాటిలో మొదటి ఐదూ వరసగా. అంతటివాణ్ణీ 1960 ఫైనల్లో ఓడగానే వయసు పేరు చెప్పి పంపేశారు. డెబ్బై ఏళ్ళవాణ్ణయ్యే పొరపాటు ఇంకెప్పుడూ చెయ్యనన్నాడు. 1962లో కొత్తగా పుట్టిన మెట్స్ జట్టు కోసం మళ్ళీ న్యూయార్క్ వచ్చాడు. ఆ ఏడు 40 గెలుపులు, 120 ఓటములు.

కాబట్టి ఉద్వాసన అతుకుతుందండీ, ‘పునరాగమనాయ చ’తో కలిపి వాడితే.

మరో సభ్యురాలు: మీ వాదన బాగుంది గాని ఒక్క అభ్యంతరం. ఉద్వాసన ఇతరులు చెప్పేది. ఆయన సాక్ష్యం తన గురించి తాను చెప్పుకున్నది. ‘నాకు ఉద్వాసన చెప్పారు’ అని ఒక మనిషి తన నోటితో అంటే, తనను తాను పీట మీద కూర్చోబెట్టుకున్నట్టు వినిపిస్తుంది. స్టెంగెల్ మాటలో ఆ పెద్దరికం నాకు కనిపించడం లేదు.

జవాబు: మీరన్నది సరైనదేనమ్మా. ఆయన గురించి మనం రాసేటప్పుడు ఉద్వాసన. ఆయన నోట పెట్టేటప్పుడు మాత్రం ఇంట్లో అనుకునే ‘తీసేశారు’. ‘తొలగించబడ్డాను’ అని రాసేవాళ్ళున్నారు, అది మన నోటి వాక్యం కాదు. ‘తీసేశారు’ అంటే ఎవరు తీసేశారో చెప్పనక్కర్లేదు, క్రియలోని బహువచనమే ఆ పని చేస్తుంది. తెలంగాణలో ‘తీసేసిన్రు’ అన్నా అంతే.

ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి. ఆయనకు రాజీనామాకూ తీసేయడానికీ తేడా బాగా తెలుసు. 1925లో వూస్టర్ అనే చిన్న జట్టుకు ఆయనే అధ్యక్షుడు, ఆయనే మేనేజరు, ఆయనే ఆటగాడు. టొలీడో నుంచి పిలుపు రాగానే అధ్యక్షుడి హోదాలో ఆటగాడు స్టెంగెల్‌ను విడిచిపెట్టి, మేనేజరు స్టెంగెల్‌ను తీసేసి, ఆపైన అధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చాడు. అలాంటివాడు సెనేటర్ల ముందు ‘వైదొలిగాను’ అనే మర్యాద మాట వెతుక్కోలేదు. అందుకే నా అనువాదం ఇలా మార్చుకుంటున్నాను: “పెద్ద లీగులో చాలా ఊళ్ళలో మేనేజరుగా చేశాను, తీసేశారు. తీసేశారనే అంటాం మేము. వెళ్ళక తప్పలేదు మరి, అందులో సందేహమేముంది.”