బేస్‌బాల్: ట్రేడ్ డెడ్‌లైన్‌లోపు (జట్లు ఆటగాళ్ళని మార్చుకునే ఆఖరి గడువు) స్టార్టర్‌ని కొనాలంటే ఏమేం చూడాలి? (చర్చ)

ఆర్లింగ్టన్_అభిమాని

జులై వచ్చిందంటే అమెరికా బేస్‌బాల్ లీగ్‌లో ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్ పోటీలు) రేసులో ఉన్న ప్రతి జట్టు అభిమానిదీ ఒకటే మాట: "ఇంకొక్క స్టార్టింగ్ పిచ్చర్ దొరికితే చాలు." స్టార్టర్ అంటే ఆట మొదలుపెట్టి మొదటి అయిదారు ఇన్నింగ్స్ బంతి వేసేవాడు. ఆ వెంటనే ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచ్చర్ ఖాతాలో పడే పరుగుల సగటు, తక్కువైతే మేలు) పట్టిక తెరిచి, ఓడిపోతున్న జట్లలోంచి పేర్లు ఏరడం మొదలవుతుంది. అలా కాకుండా కొనేముందు ఏం చూడాలో, ఎక్కడ దెబ్బ తింటారో తెలిసినవాళ్ళంతా ఇక్కడ పోగేస్తే బాగుంటుంది.

ముందుగా 2023 టెక్సస్ రేంజర్స్ సంగతి పెడుతున్నా. జూన్‌లో జేకబ్ డిగ్రామ్‌కి మోచేతి ఆపరేషన్ అయింది. జులై చివర్లో నేథన్ ఇవాల్డీ ముంజేతి నొప్పితో గాయాల జాబితాకెక్కాడు. డివిజన్‌లో ముందున్నారు గానీ వెనక హ్యూస్టన్ తరుముకొస్తోంది. అప్పుడు ఇద్దరిని తెచ్చారు: మెట్స్ నుంచి మ్యాక్స్ షెర్జర్, సెయింట్ లూయిస్ నుంచి జోర్డన్ మాంట్‌గోమరీ. షెర్జర్ కోసం లూయిసాన్హెల్ అకూన్యా అనే కుర్రాణ్ణి ఇచ్చారు, జీతంలో సుమారు మూడున్నర కోట్ల డాలర్లు మెట్సే భరించింది. మాంట్‌గోమరీకి, అతనితో వచ్చిన రిలీవర్ (స్టార్టర్ తర్వాత దిగే పిచ్చర్) క్రిస్ స్ట్రాటన్‌కీ కలిపి ఇద్దరు ప్రాస్పెక్టులు (ఇంకా ఎదుగుతున్న ఆశాజనక కుర్రాళ్ళు), ఒక ఎడమచేతి రిలీవర్ వెళ్ళారు.

షెర్జర్ ఎనిమిది స్టార్టులు వేశాక సెప్టెంబర్‌లో భుజం దగ్గర కండరం పట్టేసింది. మాంట్‌గోమరీ పదకొండు స్టార్టుల్లో 2.79 ఈఆర్‌ఏ. టాంపాలో వైల్డ్ కార్డ్ (ప్లేఆఫ్ తొలి రౌండ్) మొదటి ఆటలో ఏడు ఇన్నింగ్స్ ఒక్క పరుగూ ఇవ్వలేదు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ (ఫైనల్) టెక్సస్‌దే. ఒక్కణ్ణే తెచ్చుకుని ఉంటే? అందుకే నా లెక్కలో మొదటి సూత్రం: ఒకరు అవసరమైతే ఇద్దరి కోసం వెతకాలి.

గణాంకాల_గది

మంచి చర్చ మొదలెట్టారు. ఈఆర్‌ఏ ఎందుకు మోసం చేస్తుందో చేత్తో లెక్క వేసి చూపిస్తాను. ఎఫ్‌ఐపీ అనే కొలత ఉంది. ఫీల్డర్ల చేతిలో లేనివి మాత్రమే తీసుకుంటుంది. ఇచ్చిన హోమ్ రన్స్‌ని (గోడ దాటిన షాట్లు) 13తో, వాక్‌లూ (నాలుగు చెడ్డ బంతులకి బ్యాటర్‌కి ఊరికే దక్కే బేస్) బ్యాటర్‌కి తగిలిన బంతులూ కలిపి 3తో గుణించి కూడాలి. అందులోంచి స్ట్రైకౌట్లకు (మూడు స్ట్రైక్‌లతో తీసిన అవుట్లు) రెట్టింపు తీసేసి, ఇన్నింగ్స్‌తో భాగించి, సుమారు 3.1 కలపాలి.

ఇద్దరు ఊహాత్మక పిచ్చర్లు, ఇద్దరికీ 100 ఇన్నింగ్స్, ఇద్దరికీ ఈఆర్‌ఏ 3.60 అనుకుందాం.

మొదటివాడు: హోమ్ రన్స్ 10, వాక్‌లు 30, స్ట్రైకౌట్లు 110. అంటే 130 + 90 – 220 = 0. ఎఫ్‌ఐపీ 3.10.

రెండోవాడు: హోమ్ రన్స్ 18, వాక్‌లు 45, స్ట్రైకౌట్లు 80. అంటే 234 + 135 – 160 = 209. వందతో భాగిస్తే 2.09. ఎఫ్‌ఐపీ 5.19.

పట్టికలో ఇద్దరూ పక్కపక్కనే కనిపిస్తారు. రెండోవాణ్ణి ఇంతవరకు కాపాడింది వెనకున్న ఫీల్డింగ్, కొంత అదృష్టం. కొత్త జట్టుకి ఆ రెండూ అతని వెంట రావు.

కుడిచేతి_కర్వ్

దానికి మైదానం కూడా కలపండి. కొలరాడోలో గాలి పలచన, బంతి ఎక్కువ దూరం పోతుంది, కర్వ్ (వంపు తిరిగే బంతి) సరిగ్గా తిరగదు. అక్కడివాడి ఈఆర్‌ఏని ఇంట్లో వేసిన ఆటలు, బయట వేసిన ఆటలు అని విడదీసి చూడాలి. ఎదురు ఉదాహరణ ఓక్లాండ్ పాత మైదానం. ఫౌల్ లైన్ల పక్కన బోలెడు ఖాళీ స్థలం, వేరేచోట ప్రేక్షకుల్లో పడే బంతి అక్కడ క్యాచ్ అయ్యేది. యాంకీ స్టేడియంలో కుడి మూల గోడ 314 అడుగులే. ఎడమచేతి బ్యాటర్లు గాల్లోకి లేపితే చాలు.

సన్నీ గ్రేని 2017 జులై 31న ఓక్లాండ్ నుంచి న్యూయార్క్ యాంకీస్ కొన్నారు. మరుసటి ఏడాది బయట ఊళ్ళలో 3.17, సొంత మైదానంలో 6.98. తేడా అంతా గోడ వల్లే వచ్చిందని నేను అనను. కానీ పిచ్చర్‌ని కొనేటప్పుడు అతను మిగతా ఆటల్లో సగం ఎక్కడ వేస్తాడో చూడకపోవడం పెద్ద పొరపాటు.

బుల్‌పెన్_బాబాయ్

నేల బంతులు పుట్టించే సింకర్ (కిందకి దిగే బంతి) పిచ్చర్‌ని కొంటే షార్ట్‌స్టాప్, సెకండ్ బేస్ (లోపలి ఫీల్డర్లు) గట్టివాళ్ళై ఉండాలి. ఇన్‌ఫీల్డ్ బలహీనమైన జట్టు స్ట్రైకౌట్లు తీసేవాడికే డబ్బు పెట్టడం మేలు. ఇది అందరికీ తెలిసిందే, ముందుకెళ్దాం.

సియాటిల్_సాయంత్రం

అసలు ప్రమాదం భుజంలో, మోచేతిలో ఉంటుంది. 2022లో ఫ్రాంకీ మాంటాస్ జులైలోనే భుజం వాపుతో కొన్నాళ్ళు ఆగాడు. ఆగస్టు 1న ఓక్లాండ్ నుంచి యాంకీస్ తీసుకున్నారు. అతనికీ రిలీవర్ లూ ట్రివినోకీ కలిపి నలుగురు కుర్రాళ్ళు పోయారు. మాంటాస్ ఎనిమిది స్టార్టులు వేశాడు, ఈఆర్‌ఏ 6.35. ఫిబ్రవరిలో భుజానికి ఆపరేషన్. 2023 మొత్తానికి వేసింది ఒకటింపావు ఓవరు లాంటిది, అంటే నాలుగంటే నాలుగు అవుట్లు.

జట్ల దగ్గర ఎంఆర్‌ఐలు ఉంటాయి, మనకుండవు. అయినా బేస్‌బాల్ సావంట్ సైట్‌లో ప్రతి బంతి వేగమూ ఉచితంగా ఉంటుంది. నేను చూసే వరుస ఇది. మొదట ఫాస్ట్‌బాల్ సగటు వేగం, ఏప్రిల్–మేకీ చివరి మూడు స్టార్టులకీ తేడా. మైలున్నర తగ్గితే ఆగి ఆలోచించాలి. తర్వాత అదే ఆటలో మొదటి ఇన్నింగ్స్ వేగానికీ అయిదో ఇన్నింగ్స్ వేగానికీ తేడా. తర్వాత బంతి వదిలే ఎత్తు. చేయి కొద్దికొద్దిగా కిందకి జారుతుంటే భుజం అలసిందనో, నొప్పిని తప్పించుకుంటున్నాడనో అనుమానించాలి. చివరగా, ఫాస్ట్‌బాల్ తగ్గించి స్లైడర్ (పక్కకి జారే బంతి) ఒక్కసారిగా పెంచాడా? అది కొత్త వ్యూహం కావచ్చు, ఫాస్ట్‌బాల్ మీద నమ్మకం పోవడమూ కావచ్చు. వేగం, చేయి ఎత్తు రెండూ తగ్గి స్లైడర్ పెరిగితే నేనైతే వదిలేస్తాను, ఈఆర్‌ఏ ఎంత ఉన్నా సరే.

సియాటిల్ అదే వారం లూయిస్ కాస్టియోని సిన్సినాటి నుంచి తెచ్చుకుంది. నలుగురు ప్రాస్పెక్టులు, అందులో నోయెల్వీ మార్టే, ఎడ్విన్ అరోయో పెద్ద పేర్లు. ఖరీదెక్కువే. కానీ 2001 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్‌కి వెళ్ళినప్పుడు టొరంటోలో మొదటి ఆట ఏడూ ఒకటిబై మూడు ఇన్నింగ్స్ సున్నా పరుగులతో వేసింది అతనే.

కుడిచేతి_కర్వ్

ఒకటింపావు ఓవరు అన్నది చదివేవాళ్ళని తికమక పెడుతుంది. బాక్స్ స్కోరులో 1.1 అని ఉంటుంది. చుక్క తర్వాత అంకె అవుట్ల లెక్క, మూడు అవుట్లకి ఒక ఇన్నింగ్స్. మిగతాదంతా సరే.

సియాటిల్_సాయంత్రం

నిజమే, క్రికెట్ అలవాటులో వచ్చేసింది. 1.1 ఇన్నింగ్స్ అని చదువుకోండి.

జీతాల_చిట్టా

ఇక డబ్బు, కంట్రోల్ (ఆటగాడు ఇంకెన్నేళ్ళు జట్టు చేతిలో ఉంటాడన్నది). ఆటగాడికి ఆరేళ్ళ సర్వీస్ నిండితే ఫ్రీ ఏజెంట్, ఏ జట్టుకైనా వెళ్ళొచ్చు. 172 రోజులు ప్రధాన జట్టు రోస్టర్‌లో (ఆటగాళ్ళ జాబితా) ఉంటే ఒక సర్వీస్ సంవత్సరం. ఈ సీజన్‌తో ఒప్పందం అయిపోయేవాణ్ణి రెంటల్ అంటారు, రెండు మూడు నెలల అద్దె అన్నమాట. ఇంకా రెండేళ్ళు మిగిలినవాడి ధర ఆకాశంలో ఉంటుంది.

రెంటల్ గురించి చాలామంది మర్చిపోయేది ఒకటుంది. సీజన్ మధ్యలో జట్టు మారినవాడికి క్వాలిఫయింగ్ ఆఫర్ (ఫ్రీ ఏజెంట్ అయ్యేవాడికి సొంత జట్టు ఇచ్చే ఏడాది ఒప్పందం) ఇవ్వడానికి వీల్లేదు. అతను నవంబర్‌లో వెళ్ళిపోతే కొన్న జట్టుకి డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే వంతు) రాదు. అమ్మే జట్టు తన దగ్గరే ఉంచుకుని ఆఫర్ ఇచ్చి, అతను కాదని వేరే జట్టుకి వెళ్తే ఆ పిక్ వస్తుంది. కాబట్టి ఆ పిక్ విలువే అమ్మేవాడి కనీస ధర. అంతకంటే తక్కువ ఇస్తామంటే ఫోన్ పెట్టేస్తారు, వాళ్ళది మొండితనం కాదు.

జీతం లెక్క: ఏడాదికి 1.8 కోట్ల డాలర్ల పిచ్చర్, 187 రోజుల సీజన్‌లో 60 రోజులు మిగిలాయి అనుకోండి. కొనే జట్టు కట్టేది సుమారు 58 లక్షలు. ఆ జట్టు వరసగా మూడో ఏడు లగ్జరీ ట్యాక్స్ (జీతాల మొత్తం ఒక గీత దాటితే పడే పన్ను) కడుతూ, ఆ గీతకి ఆరు కోట్ల డాలర్ల పైన ఉంటే పన్ను 110 శాతం. అంటే ఇంకో 64 లక్షలు. 58 లక్షల పిచ్చర్ ఒక కోటీ 22 లక్షలవుతాడు. అందుకే పెద్ద జట్లు "జీతంలో కొంత మీరే భరించండి, ఇంకో మంచి కుర్రాణ్ణి ఇస్తాం" అంటాయి.

ఆర్లింగ్టన్_అభిమాని

ధరగా ఇచ్చే కుర్రాళ్ళని ఎలా ఎంచుతారో కూడా ఎవరైనా రాయండి.

పొలం_వ్యవస్థ

నవంబర్‌లో రూల్ 5 (కాపాడుకోని కుర్రాళ్ళని వేరే జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్) కోసం జట్లు తమ కుర్రాళ్ళని 40 మంది జాబితాలో పెట్టి కాపాడుకోవాలి. 18 ఏళ్ళకో అంతకు ముందో సంతకం చేసినవాడికి అయిదు సీజన్లు, 19 ఏళ్ళకో ఆ తర్వాతో చేసినవాడికి నాలుగు సీజన్లు గడువు. ఆ గడువు దగ్గరపడ్డవాళ్ళు ఆరేడుగురుంటే, జాబితాలో ఖాళీలు మూడే ఉంటే, మిగతావాళ్ళని ఊరికే పోగొట్టుకునేకంటే జులైలో స్టార్టర్ కోసం ఇచ్చేయడం తెలివైన పని. బాగా నడిచే జట్లన్నీ ముందు ఈ కుప్పలోంచే ఇవ్వజూస్తాయి.

ఇవ్వకూడనిది ఎవర్నంటే, తమ దగ్గర సరిగ్గా వాడుకోనివాణ్ణి. 2018 జులై 31న పిట్స్‌బర్గ్ క్రిస్ ఆర్చర్ కోసం టైలర్ గ్లాస్నావ్, ఆస్టిన్ మెడోస్‌లని టాంపాకి ఇచ్చింది. తర్వాత పేరు చెప్తామన్న మూడోవాడు షేన్ బాజ్. గ్లాస్నావ్‌ని పిట్స్‌బర్గ్ ఆ ఏడాది బుల్‌పెన్‌లో రిలీవర్‌గా వాడుతోంది. టాంపా వెంటనే స్టార్టర్‌ని చేసింది, రెండేళ్ళకి వరల్డ్ సిరీస్‌లో వేశాడు. స్టార్టర్ కోసం బయట వెతుకుతున్న జట్టు ముందు తన బుల్‌పెన్‌లోనూ (రిలీవర్ల బృందం) ట్రిపుల్ ఏలోనూ (ఒక మెట్టు కింది లీగ్) వెతకాలి. పేరు వాయిదా వేసే ఒప్పందాలు చూస్తే ఇంకా జాగ్రత్త. ఆరు నెలల్లోపు పేరు తేల్చాలి, చాలాసార్లు అసలు బంగారం అక్కడే ఉంటుంది. 2008లో స్టార్టర్ సబాతియా కోసం మిల్వాకీ ఇచ్చినవాళ్ళలో చివరికి నిలబడ్డది కూడా అలా తర్వాత తేలిన మైకెల్ బ్రాంట్లీనే.

బుల్‌పెన్_బాబాయ్

సబాతియా మాట వచ్చింది కాబట్టి వాడకం గురించి. జులై 7న వచ్చాడు, 17 స్టార్టులు, 11 గెలుపులు 2 ఓటములు, 1.65 ఈఆర్‌ఏ, ఏడు కంప్లీట్ గేమ్స్ (ఆట మొత్తం ఒక్కడే వేసినవి). మిల్వాకీ 1982 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్‌కి వెళ్ళింది. కానీ సీజన్ చివరి మూడు స్టార్టులూ మూడేసి రోజుల విరామంతో వేయించారు. ప్లేఆఫ్‌లో ఫిలడెల్ఫియాలో నాలుగో ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయలేకపోయాడు, విక్టరినో గ్రాండ్ స్లామ్ (నాలుగు పరుగుల హోమ్ రన్) కొట్టాడు. గేటు దాటడానికే నూనె అంతా అయిపోయింది. కొన్న పిచ్చర్ పోయిన ఏడు ఎన్ని ఇన్నింగ్స్ వేశాడు, ఈ ఏడు ఇప్పటికే ఎన్ని వేశాడు అన్నది రాసిపెట్టుకోవాలి.

ఇంకో మాట. స్టార్టర్లు మరీ ఖరీదైతే రిలీవర్లని కొనండి. 2024లో డాడ్జర్స్ డెట్రాయిట్ నుంచి స్టార్టర్ జాక్ ఫ్లాహర్టీని తెచ్చారు, అలాగే రిలీవర్ మైకెల్ కోపెక్‌నీ తెచ్చారు. ప్లేఆఫ్ నెల అక్టోబర్‌కి నికరంగా మిగిలిన స్టార్టర్లు ముగ్గురే. శాన్ డియేగోతో నాలుగో ఆటని ఎనిమిదిమంది పిచ్చర్లతో 8–0 గెలిచారు. విరామ రోజులుంటాయి కాబట్టి అక్టోబర్‌లో అయిదో స్టార్టర్ అక్కర్లేదు.

జీతాల_చిట్టా

అక్టోబర్‌కి సరే బాబాయ్, ఆగస్టు, సెప్టెంబర్ నడిపేదెవరు? విరామం దాదాపు లేకుండా యాభై పైచిలుకు ఆటలుంటాయి. ఆగస్టు వరకు ఉండే 26 మంది రోస్టర్‌లో పిచ్చర్లు 13 మందికి మించకూడదు. వారానికి రెండు బుల్‌పెన్ ఆటలు (రిలీవర్లతోనే నడిపేవి) పెడితే సెప్టెంబర్ రెండో వారానికి రిలీవర్ల చేతులు లేవవు. డివిజన్ పది ఆటల ఆధిక్యంలో ఉంటే మీ మాట, ఒకటి రెండు ఆటల తేడా అయితే ఆరు ఇన్నింగ్స్ మింగే మామూలు స్టార్టరే.

కుడిచేతి_కర్వ్

గాయం నుంచి కోలుకుంటున్నవాణ్ణి కొనడం ఇంకో దారి. 2025 జులై 31న టొరంటో షేన్ బీబర్‌ని క్లీవ్‌ల్యాండ్ నుంచి ఒకే ఒక్క ప్రాస్పెక్ట్‌కి, ఖాల్ స్టీఫెన్‌కి, తీసుకుంది. 2024 ఏప్రిల్‌లో టామీ జాన్ (మోచేతి లిగమెంట్) ఆపరేషన్ అయినవాడు, అప్పటికింకా రీహాబ్‌లోనే (కోలుకునే దశ) ఉన్నాడు. ఆగస్టు 22న మొదటి స్టార్ట్, ఆ తర్వాత వరల్డ్ సిరీస్ దాకా వేశాడు. ఇలా కొనేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది: పిచ్చర్ రీహాబ్ ఆటలకి మామూలుగా గరిష్ఠం 30 రోజులు. ఆ గడియారం ఎప్పుడు మొదలైందో లెక్క వేస్తే ఎప్పుడొస్తాడో సుమారుగా తెలుస్తుంది.

విశాఖ_ఉదయం

గడువు దాటితే ఇంకేమీ చేయలేరా? 2017లో పిచ్చర్ వర్లాండర్ ఆగస్టు 31 రాత్రి కదా హ్యూస్టన్‌కి వచ్చింది?

జీతాల_చిట్టా

ఆ దారి 2019 నుంచి మూసేశారు. వర్లాండర్‌కి పదేళ్ళ సర్వీస్, అందులో చివరి అయిదు ఒకే జట్టులో ఉన్నందువల్ల ట్రేడ్‌ని కాదనే హక్కు కూడా ఉంది. నిమిషాలు మిగిలుండగా ఒప్పుకున్నాడు. ఇప్పుడు గడువు జులై 28కీ ఆగస్టు 3కీ మధ్య కమిషనర్ నిర్ణయించిన రోజు. ఈ మధ్య ఏళ్ళలో తూర్పు అమెరికా సమయం సాయంత్రం 6 గంటలకి, అంటే మీకు మర్నాడు తెల్లవారుజామున 3:30.

తర్వాత మిగిలే పెద్ద దారి వెయివర్స్, అంటే ఒక జట్టు వదులుకునేవాణ్ణి మిగతా జట్లు వరుసలో అడిగి తీసుకోవడం. 2023లో ఏంజెల్స్ జులై 26న లూకస్ జియోలిటోని, రేనాల్డో లోపెజ్‌ని కొన్నారు. జియోలిటో ఆరు స్టార్టుల్లో 6.89. జట్టు రేసులోంచి జారిపోయాక, ట్యాక్స్ గీత కిందకి రావడానికి నెల దాటగానే వాళ్ళిద్దర్నీ ఇంకొందరితో కలిపి వెయివర్స్‌లో పెట్టేశారు. క్లీవ్‌ల్యాండ్ ఎవర్నీ ఇవ్వకుండా, మిగిలిన జీతం మాత్రం కట్టి తీసుకుంది.

విశాఖ_ఉదయం

అలా వచ్చినవాళ్ళు ప్లేఆఫ్‌లో ఆడొచ్చా?

జీతాల_చిట్టా

ఆగస్టు 31 ముగిసేలోపు ఆ జట్టు సంస్థలోకి వస్తే ఆడొచ్చు. సెప్టెంబర్ 1న వస్తే రెగ్యులర్ సీజన్ వరకే. అందుకే ఆగస్టు 29 నుంచి 31 దాకా వెయివర్స్ వార్తలు చూస్తూ ఉండండి. క్లెయిమ్ చేసే వరుస తక్కువ గెలుపు శాతం ఉన్న జట్టు నుంచి మొదలవుతుంది కాబట్టి, మీ జట్టు పైనుంటే మంచి పేర్లు మీదాకా రావడం కష్టం.