కప్ప ‘ఆతిథేయి’ ఎలా అవుతుంది?

కప్పల చర్మం మీద బతికే బ్యాక్టీరియా గురించి ఓ వ్యాసం తెలుగు చేస్తూ ‘హోస్ట్’ అనే మాట దగ్గర ఆగిపోయాను. పాఠాల్లో ‘అతిథేయి’ అని చదువుకున్నాం. అతిథి అంటే తిథి చెప్పకుండా వచ్చి, భోంచేసి వెళ్లేవాడు కదా. ఇవేమో కప్ప ఒంటి మీద కాపురమే పెట్టేశాయి. ‘ఆశ్రయమిచ్చే జీవి’ అందామంటే పేజీకి పదిసార్లు రాయాలి. ఏం చేయమంటారు?

— అతిథి నుంచి వచ్చింది కాబట్టి ‘ఆతిథేయి’, దీర్ఘం ఉండాలి. అయినా ‘సత్రం’ అంటే పోలేదూ? చెరువులో ఉన్నవన్నీ వచ్చి అంటుకుంటాయిగా.

— అంటుకోవు మాస్టారూ, అక్కడే ఉంది తమాషా. నేను జువాలజీ చెప్తాను. అమెరికాలో కొలరాడో చెరువుల్లో లెపర్డ్ కప్పల్ని, కోరస్ కప్పల్ని, టైగర్ సాలమాండర్లని (ఇవి కప్పలకి చుట్టాలే, తోక ఉంటుంది) పట్టి, ఒంటిని దూదిపుల్లతో తుడిచి చూశారు. ఆ పరిశోధన 2012లో అచ్చయింది. ఒకే చెరువులో ఉన్నా జాతికో బ్యాక్టీరియా గుంపు. అదే జాతి వేరే చెరువులో దొరికితే దాదాపు పాత గుంపే! వర్జీనియాలో 2014 నాటి పరిశోధనైతే ఇంకా విచిత్రం. కప్పల ఒంటి మీద తెగ ఉన్న బ్యాక్టీరియా, పక్కనే చెరువు నీళ్లలో వెతికితే చాలా అరుదు. చర్మం మీది జిగురులో ఉండే పెప్టైడ్లు, అంటే ప్రొటీన్ లాంటి చిన్న అణువులు, కొన్ని బ్యాక్టీరియాని బతకనివ్వవు. పైగా చాలా కప్పలు పాము కుబుసంలా పై పొర వదిలి, దాన్ని నోట్లోకి లాక్కుని మింగేస్తాయి. సత్రంవాడు గోడలు తినడు కదండీ.

— మరి చెరువుకి, మట్టికి పనే లేదా?

— లేకేం. రెడ్‌బ్యాక్ సాలమాండర్లని ల్యాబ్‌లో మట్టి లేకుండా ఉంచితే వాటి మీద బ్యాక్టీరియా రకాలు తగ్గిపోయాయి. బయటి నుంచి బ్యాక్టీరియా వస్తూ ఉంటేనే చర్మానికి ఎంపిక. ఇంకోటి, ఈ బ్యాక్టీరియాలో కొన్ని కాపలా కూడా కాస్తాయి. జాంథినోబ్యాక్టీరియం లివిడం అనే ఊదారంగుది, కప్పల్ని చంపే కైట్రిడ్ ఫంగస్‌ని పెరగనివ్వదు.

— అయితే సత్రం వెనక్కి తీసుకుంటున్నా. తలుపు తీసేది కప్పే కాబట్టి ‘ఆతిథేయి’ ఉండనివ్వండి.

— శీర్షికలో అదే పెట్టాను, దీర్ఘంతోనే. లోపల మాత్రం ‘కప్ప’ అనే రాసేస్తున్నా. ఇంకో సందేహం: ‘చర్మ బ్యాక్టీరియా’ అనాలా, ‘చర్మం మీది బ్యాక్టీరియా’ అనాలా? మొదటిది చదివితే చర్మరోగంలా ఉంది.