సొంత పొలంలో పిల్లల పని: సాయం ఎంతవరకు, బాలకార్మికత ఎక్కడి నుంచి?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. మేము కొద్దిమంది కలిసి కొన్ని గ్రామాలలో పిల్లల చదువు, ఆరోగ్యం కోసం పనిచేస్తున్నాము. పుస్తకాలు, సంచులు పంచడంలో ఇబ్బంది ఏమీ రాలేదు గానీ, నాట్ల కాలంలోనూ కోతల కాలంలోనూ తరగతులు సగం ఖాళీ అయిపోతుంటే ఏం చేయాలో పాలుపోవడం లేదు. తల్లిదండ్రులను అడిగితే, "మా పిల్లలు మా పొలంలోనే చేస్తున్నారు, కూలికి పంపడం లేదు కదా" అంటున్నారు. ఆ మాటను తేలిగ్గా తీసిపారేయలేము. ఇంటివారికి సాయపడటానికీ బాలకార్మికతకూ మధ్య గీత ఎక్కడ గీయాలి? వారి మనసు నొప్పించకుండా ఈ ప్రస్తావన ఎలా తేవాలి?

జవాబు 1 (బాలల హక్కులపై పనిచేసే న్యాయవాది):
మీరు అడిగిన గీత విషయంలో అంతర్జాతీయ చట్టాలు కూడా తడబడ్డాయి. 1973 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 138వ ఒప్పందం పనిలో చేరడానికి కనీస వయసును సాధారణంగా 15 ఏళ్లుగా నిర్ణయించి, ఆరోగ్యానికీ బడి హాజరుకూ హాని కలిగించని తేలికపాటి పనిని 13 ఏళ్ల నుంచి అనుమతించింది. అభివృద్ధి చెందుతున్న దేశాలకు ఈ వయసులను 14, 12 ఏళ్లకు తగ్గించుకునే వెసులుబాటు కూడా ఇచ్చింది. అయితే ఈ ఒప్పందాన్ని కొన్ని రంగాలకే పరిమితం చేసుకున్న దేశాలు సైతం వ్యవసాయ క్షేత్రాలను వదిలిపెట్టకూడదని చెబుతూనే, స్థానిక వినియోగం కోసం పండిస్తూ కూలీలను క్రమంగా పెట్టుకోని చిన్న కుటుంబ కమతాలను అందులోంచి మినహాయించింది. పొలాల్లో పనిచేసే పిల్లలు ఎక్కువగా కనిపించేది సరిగ్గా అలాంటి కమతాలలోనే! 1989లో ఆమోదం పొందిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 32వ అధికరణంలో ఇటువంటి మినహాయింపు లేదు. పని ప్రమాదకరమైనదైనా, చదువుకు అడ్డమైనా, ఎదుగుదలను దెబ్బతీసినా దాని నుంచి రక్షణ పొందే హక్కు బిడ్డకు ఉందని అది చెబుతుంది. కనుక పొలం ఎవరిదన్న ప్రశ్నను పక్కనపెట్టి, ఆ పని వల్ల బిడ్డ ఏం కోల్పోతున్నదో చూడండి. 2024 సంవత్సరానికి సంబంధించిన అంచనాల ప్రకారం ప్రపంచంలో బాలకార్మికులు సుమారు 13.8 కోట్ల మంది. వారిలో 61 శాతం వ్యవసాయ రంగంలోనే ఉన్నారు.

జవాబు 2 (గ్రామీణ పాఠశాల ఉపాధ్యాయురాలు):
తల్లిదండ్రులతో మాట్లాడే ముందు హాజరు పట్టీ తీసి, కనీసం ఒక ఏడాది పేజీలు వరుసగా చూడండి. గైర్హాజరు గుర్తులు చెల్లాచెదురుగా ఉంటే కారణం జ్వరమో ప్రయాణమో కావచ్చు. అందరికీ అవే వారాలలో పడి ఉంటే కారణం పొలం. నా తరగతిలో ఒక బాలిక తల్లి పనికి వెళ్లే రోజున మాత్రమే బడికి వచ్చేది కాదు. తమ్ముణ్ని చూసుకునేవారు లేకపోవడమే అసలు సంగతి. మేము ఆమె తల్లికి చదువు విలువ గురించి ఎంత చెప్పినా ఫలితం లేకపోయింది గానీ, శిశు సంరక్షణ కేంద్రాన్ని ఉదయం కాస్త ముందుగా తెరిపించాక ఆ పిల్ల క్రమంగా రావడం మొదలుపెట్టింది. ఇంటి పనిని ఎవరూ పని కింద లెక్కవేయరు కాబట్టి ఆడపిల్లల భారం పైకి కనబడదు. వారానికి 21 గంటలు, అంతకు మించిన ఇంటి చాకిరిని కూడా కలిపి లెక్కిస్తే బాలకార్మికుల నిష్పత్తిలో బాలికలే బాలురను మించిపోతారని పైన న్యాయవాది చెప్పిన అంచనాలే చెబుతున్నాయి. అందుకే పిల్లలను స్వయంగా అడగండి: నిన్న ఎప్పుడు లేచారు, బడికి ముందు ఏం చేశారు, బడి అయ్యాక ఏం చేశారు, ఎప్పుడు పడుకున్నారు? తమకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పే హక్కును ఆయన ప్రస్తావించిన బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం వారికి ఇచ్చింది.

జవాబు 3 (ప్రాథమిక ఆరోగ్య కార్యకర్త):
ఒక్క విషయంలో మాత్రం బేరసారాలకు తావివ్వకండి. పురుగుమందు కలపడం, పిచికారీ చేయడం, మందు కొట్టిన వెంటనే ఆ చేలో కలుపు తీయడం పిల్లలకు ఎంతమాత్రం తగవు. బరువుతో పోలిస్తే వారు పెద్దలకంటే ఎక్కువ గాలి పీలుస్తారు, చర్మ విస్తీర్ణం కూడా ఎక్కువ, మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది. ఖాళీ మందు డబ్బాలతో నీళ్లు మోయించడం కూడా మాన్పించాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. కోతల రోజుల్లో మనుషులు దొరకరు, కూలి ఇచ్చుకోలేరు. అటువంటి కుటుంబానికి ఏమని చెప్పాలి?

జవాబు 2:
ఏమీ చెప్పకుండా ముందు వినండి. ఆ రోజుల్లో ఎవరికి ఎంతమంది కావాలో ఊరివారినే కూర్చోబెట్టి లెక్క వేయించి, కుటుంబాలు పెద్దల పనిని ఒకరికొకరు బదులు ఇచ్చుకునే ఏర్పాటు కుదురుతుందేమో చూడండి. స్థానిక విద్యాధికారులను ఒప్పించగలిగితే సెలవులను కోతలకు అనుగుణంగా జరపవచ్చు. అప్పుడు కూడా పని గంటలకూ, ఆరోగ్య కార్యకర్త చెప్పిన నిషేధానికీ అందరి ఎదుట ఒప్పందం చేసుకోవాలి. అప్పటికే వెనుకబడిన పిల్లలకు సాయంత్రాలు పాఠాలు చెప్పించడం మీ బృందం వెంటనే చేయగలిగిన పని. ఎందుకంటే రెండు వారాలు పోగొట్టుకున్న పిల్లవాడు తిరిగి వచ్చాక పాఠం అర్థం కాక, సిగ్గుపడి, తనంతట తానే బడి మానేయడం నేను చాలాసార్లు చూశాను.