గోడౌన్‌లో పాత బస్తాలు వెనకే ఉండిపోతున్నాయి, నెట్లు (బస్తాల దొంతరలు) ఎలా వేయాలి?

గూడెం_రైస్:
తాడేపల్లిగూడెం దగ్గర అద్దె గోడౌన్. 60×100 అడుగులు, 60 అడుగుల గోడకి మధ్యలో ఒకటే పెద్ద షట్టర్. అన్నీ 50 కిలోల బియ్యం బస్తాలు, సగం గోనె, సగం ప్లాస్టిక్. కొత్త లోడు షట్టర్ దగ్గరే దించేస్తున్నారు, దాళ్వా (రెండో పంట) సరుకు వెనక గోడవారన ఇరుక్కుపోయింది. అడుగు వరుస ముక్కవాసన వస్తోంది. పైగా లోపలికి వచ్చిన తూకానికీ బయటికి వెళ్లే తూకానికీ బస్తాకి ముప్పావు కిలో పైనే తేడా. ఎక్కడ సరిచేసుకోవాలండీ?

నెట్టు_కట్టు:
లారీ వచ్చాక ఎక్కడ దించాలని ముఠా (బస్తాలు మోసే హమాలీల) మేస్త్రీ అడుగుతున్నాడంటే తప్పు అక్కడే మొదలైంది. నేల మీద రంగుతో గళ్లు గీయించండి. షట్టర్ నుంచి వెనక గోడ దాకా మధ్యలో 15 అడుగుల దారి. అటు మూడు, ఇటు మూడు, ఒక్కోటి 20×30 అడుగుల నెట్టు. గోడకీ నెట్టుకీ, నెట్టుకీ నెట్టుకీ మధ్య రెండున్నర అడుగులు. మీ కొలతకి సరిగ్గా సరిపోతుంది, ఆరు నెట్లూ దారివైపే తెరుచుకుంటాయి.

బస్తాకి 3×2 అడుగులు వేసుకుంటే వరుసకి 100. 15 వరుసలకి 1,500, అంటే 75 టన్నులు. ఆరింటిలో ఒక గడి ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. అద్దె దండగ అనిపిస్తుంది గానీ, కొత్త లోడు దిగేది అందులోనే. అది లేకపోతే పాత సరుకు ముందే మళ్లీ బస్తాలు పడతాయి. ఒక నెట్టులో రెండు లాట్లు కలపొద్దు. వచ్చిన తేదీ, లారీ నంబరు, బస్తాలు, తేమ శాతం రాసిన కార్డు నెట్టుకే కట్టండి. గేట్ పాస్ మీద నెట్టు నంబరు లేకుండా ఒక్క బస్తా కూడా కదలకూడదు.

వరుస మార్చి వరుస అడ్డంగా వేయించండి. ప్లాస్టిక్ సంచి జారుతుంది, అందుకని గోనెతో కలపకుండా వేరే నెట్టు, ఎత్తు కూడా తక్కువ. కొక్కేలు వాడనివ్వొద్దు.

కాటా_లెక్క:
తూకం తేడాకి దొంగతనం అనుకునే ముందు రెండు లెక్కలు చూడండి. 14 శాతం తేమతో వచ్చిన బియ్యం 12.5కి ఆరితే 50 కిలోలు 49.14 అవుతుంది. 860 గ్రాములు అక్కడే పోయాయి. రెండోది సంచి బరువు. 50 కిలోల కొత్త గోనె సుమారు 580 గ్రాములుంటుంది. వచ్చేటప్పుడు సంచితో, పోయేటప్పుడు సంచి తీసేసి లెక్క కడితే వెయ్యి బస్తాలకి 580 కిలోలు తేడా చూపిస్తుంది. రెండుసార్లూ ఒకే కాటా, తేమ మీటరు కూడా ఒకటే వాడండి.

పురుగు_మందు:
ముక్కవాసన నేల నుంచే. మన డెల్టాలో నీళ్లు పైపైనే ఉంటాయి, సిమెంటు గచ్చు కూడా చెమ్మ పీలుస్తుంది. చెక్క క్రేట్ల మీద పాలిథిన్ పట్టా పరిచి, ఆ పైన మొదటి వరుస వేయండి. ముసురు పట్టినప్పుడు గాలి ఆడాలని షట్టర్ తీసి ఉంచితే బియ్యమే తేమ లాక్కుంటుంది. ఎండకాసిన పొడి మధ్యాహ్నం తీయండి.

పురుగు కనిపిస్తే అల్యూమినియం ఫాస్ఫైడ్ టన్నుకి 3 గ్రాముల బిళ్లలు మూడు, 75 టన్నుల నెట్టుకి 225. పట్టా కప్పి అంచుల మీద ఇసుక సంచులు పెట్టి కనీసం 7 రోజులు ఉంచాలి. దాని గ్యాసు ప్రాణాంతకం, లైసెన్సున్న వాళ్లతోనే చేయించండి. ముఠా వాళ్లని ఆ ఛాయలకి కూడా రానివ్వొద్దు.

గూడెం_రైస్:
గోడవార ఉన్నదాన్ని ముందు ఏం చేయమంటారు?

నెట్టు_కట్టు:
కొత్త లోడు ఆపి ముందు దాన్నే బయటికి తీయించండి. అడుగు రెండు వరుసలు విడిగా పెట్టి ప్రతి బస్తాలో గొట్టం గుచ్చి చూడండి. గడ్డకట్టినా, బూజు ఉన్నా తినే బియ్యంలో కలపనే కూడదు.