పొయ్యి మూతి ఐదు అంగుళాల పైచిలుకు, షాపులో గొట్టాలు నాలుగో ఆరో: ఏది తొడగాలి?

నకిరేకల్ తమ్ముడు:
అన్నలూ, పాత ఇనుప సామాన్ల దుకాణంలో తక్కువకు దొరికిందని ఒక ఇనుప కట్టెల పొయ్యి తెచ్చుకున్నా, కేటరింగ్ వంటకు. వెనక రేకుల షెడ్డులో పెట్టాను. తీరా చూస్తే పొగ పోయే మూతి ఏ లెక్కకూ కుదరడం లేదు. దారం చుట్టి కొలిస్తే 43 సెంటీమీటర్లు, అంటే బయటి వ్యాసం 137 మిల్లీమీటర్లు, లోపల 131. నల్లగొండలో నాలుగు షాపులు తిరిగా. జీఐ (పూత వేసిన ఇనుప రేకు) గొట్టం 4 అంగుళాలది ఉంది, 6ది ఉంది, మధ్యది అడిగితే నవ్వుతున్నారు. వెల్డింగ్ అతను 4కి దించి అతికిస్తా, గంట పని అంటున్నాడు. సరే అననా?

దేవరకొండ పెద్దాయన:
అను తమ్మీ. మా ఇంట్లో నీళ్ల పొయ్యికి 4 అంగుళాల సిమెంటు గొట్టమే, ఇరవై ఏళ్లు దాటింది, పొగ ఎప్పుడూ ఇంట్లోకి రాలేదు. 1980లలో ప్రభుత్వం పెట్టించిన పొగలేని పొయ్యిలకూ సిమెంటు గొట్టాలే. పొయ్యి మూతి ఎంతుంటే అంత గొట్టం కావాలని ఎవరు రాశారు?

కల్వకుర్తి రేకుల పని:
పెద్దాయనా, మీ నీళ్ల పొయ్యిలో నాలుగు పుల్లలు మండుతాయి, ఇతను గంగాళాలు ఎక్కించేటోడు. లెక్క చూడండి. 131 మి.మీ. మూతి అంటే 135 చదరపు సెంటీమీటర్లు, 4 అంగుళాలకు దిగితే 81. పొగ దారి నలభై శాతం పోయింది. తలుపు తీసిన ప్రతిసారీ పొగ మొహాన కొడుతుంది. ఇక 6 అంగుళాలంటే 182, పెద్దదే కానీ అందులో పొగ నెమ్మదిగా పోతూ చల్లారుతుంది, షెడ్డు ఎత్తు తక్కువైతే పొగను పైకి లాగడం మందగిస్తుంది. రెండూ వద్దు, 1 మి.మీ. నల్ల రేకు (పూత లేని ఇనుప రేకు) తెచ్చి కొలతకు చుట్టించు. జీఐ అసలొద్దు, దాని పూత జింకు, 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇనుప పొయ్యి మూతి దగ్గర అంత వేడి రావడం పెద్ద విషయం కాదు.

మిర్యాలగూడ మిల్లు మనిషి:
సిమెంటు గొట్టం మాట కూడా వద్దు. ఆ పథకం పొయ్యిలు మట్టివి, సెగ రెండు గిన్నెల కింద తిరిగి చల్లారాకే గొట్టంలోకి పోయేది. ఇక్కడ తుమ్మ కట్టె మంట నేరుగా తగులుతుంది, పగిలిపోతుంది. పైగా అది ఆస్బెస్టాస్, కోస్తే వచ్చే దుమ్ము మనమే పీలుస్తాం. రేకు చుట్టించడం వరకు ఓకే. మూతి మీద తొడిగేలా చుట్టించు, చుట్టు 44 సెం.మీ. పెట్టుకుంటే 3 మి.మీ. వదులు దొరుకుతుంది, సందులో ఫైబర్ గ్లాస్ తాడు కుక్కు. అయిపోయింది.

కల్వకుర్తి రేకుల పని:
అక్కడే నాకు పేచీ. మీద తొడిగితే, పొగ చల్లారి గొట్టం లోపల కారే తారు మూతి బయట నుంచి దిగుతుంది. మొదట్లో ఒక ఫంక్షన్ హాల్ వంటింట్లో నేనూ అట్లనే బిగించా. పది రోజులకు కొత్తగా సున్నం వేసిన గోడ మీద బెల్లం పాకం లాంటి గోధుమరంగు చారలు, ఒకరోజు సాంబారు గంగాళం మూత మీద టపటపా చుక్కలు. ఎంత గీకినా ఆ వాసన పోదు. ఓనర్ దగ్గర పడ్డ మాటలు ఇక్కడ రాయలేను. అందుకే మూతి లోపలికి దూరేలా, బయటి వ్యాసం 128 చేయాలి. పై గొట్టాలు కూడా ఒకదాంట్లో ఒకటి కిందికి దిగాలి. కారిందంతా నిప్పులోకే పోతుంది.

మిర్యాలగూడ మిల్లు మనిషి:
ఎండిన కట్టె కాలిస్తే తారు ఎక్కడిది? మీ ఫంక్షన్ హాల్‌లో పచ్చి కట్టె కాల్చి ఉంటారు, తప్పు కట్టెదైతే గొట్టాన్ని అంటారేంటి. నువ్వు దారి తగ్గించొద్దంటూనే మళ్లీ లోపలికి దూర్చి తగ్గిస్తున్నావు.

కల్వకుర్తి రేకుల పని:
తగ్గేది 135లో పదే. కేటరింగ్ వాళ్లు పెళ్లి ముందురోజు ఎండిన కట్టె కోసం ఊరంతా వెతుకుతారా? తమ్మీ, నువ్వేం కాలుస్తావ్?

నకిరేకల్ తమ్ముడు:
సర్కారు తుమ్మే అన్నా, ఒక్కోసారి కొట్టిన వారానికే పొయ్యిలో పెడతాం.

దేవరకొండ పెద్దాయన:
అయితే లోపలికే. 4 సంగతి వదిలేస్తున్నా. కానీ వెల్డింగ్ మాత్రం చేయించకు, నెలకోసారి విప్పి మసి దులపాలి. మూడు స్క్రూలు చాలు. పైన రేకులకు కర్ర దూలాలుంటే 18 అంగుళాలన్నా దూరం పెట్టు.

నకిరేకల్ తమ్ముడు:
ఇప్పుడే స్కేలు పెట్టి చూశా, టెన్షన్ పెరిగింది. బయటి కొలత అడ్డంగా 134, నిలువుగా 140. మూతి గుండ్రంగానే లేదు!

కల్వకుర్తి రేకుల పని:
దారం చుట్టుకొలత చెబుతుంది గానీ గుండ్రమో కోడిగుడ్డో చెప్పదు. అట్ట ముక్క మూతిలో బిగుతుగా కూర్చునేలా కత్తిరించు, దాన్నే రేకు అతనికి ఇవ్వు. చుట్టిన గొట్టం కింది బెత్తెడు మేర ఆ అట్ట ప్రకారం మెల్లగా నొక్కి ఇస్తాడు. జారి పొయ్యిలో పడకుండా పైన మూడు చెవులు వంచమను. అట్ట మీద పొయ్యి ముందు వైపు ఏదో గుర్తు పెట్టు, లేకపోతే అడ్డం తిప్పి నొక్కుతాడు.