అప్‌డేట్: అద్దె ఇంటి మేడ మీద కుందేళ్లు, ఇప్పటి పరిస్థితి

విజయనగరంలోని మా అద్దె ఇంటి మేడ మీద 4 కుందేళ్లు 23 అయ్యాయనీ, యజమాని గారు ఇల్లు ఖాళీ చేయమంటున్నారనీ మూడు నెలల క్రితం రాసి సలహా అడిగాను. మీరు చెప్పినట్లే పశువైద్యుడి చేత ఆడ, మగ గుర్తింపజేసి వేరు చేయగా, ఆడవనుకుని ఒకే బోనులో ఉంచిన జంటలో ఒకటి మగదని తేలింది. కుందేలు సుమారు 31 రోజులకే ఈనుతుందనీ, ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదనీ తెలుసుకోకపోవడం నా తప్పే. వేరు చేశాక కూడా ఒకటి తన పొట్ట మీది బొచ్చు పీకి గూడులో పరచుకుని 6 పిల్లలను పెట్టింది. అవి పాలు మానేవరకు ఆగి, 4 ఆడవాటిని మాత్రం ఉంచుకుని, మిగిలినవాటిని బొబ్బిలి దగ్గర మా మేనమామ గారి తోటకు చేర్చాను. మూత్రపు వాసన పోయేలా మేడ కడిగించి సున్నం వేయించాక, నాలుగుకు మించకూడదని ఒప్పంద పత్రంలో రాయించుకుని యజమాని గారు శాంతించారు.